ఫోన్, ల్యాప్‌టాప్ ఉన్నాక ట్యాబ్ కూడా కావాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకీ, ఎప్పుడో కొన్న ట్యాబ్‌ని ఉంచుకోవాలా ఎవరికైనా ఇచ్చేయాలా తేల్చుకోలేకపోతున్నవాళ్లకీ ఈ జవాబులు. స్పెసిఫికేషన్ల గురించి తక్కువ, ఇంట్లో జరిగే వాడకం గురించి ఎక్కువ రాశాను.

ఫోన్ జేబులో ఉంది, ల్యాప్‌టాప్ బల్ల మీద ఉంది. మధ్యలో ఇంకొకటి అవసరమా?

అందరికీ అవసరం లేదు. పీడీఎఫ్‌లు, పుస్తకాలు ఎక్కువగా చదివేవాళ్లకి, పెన్నుతో నోట్సు రాసుకునే విద్యార్థులకి, చూపు మందగించిన పెద్దవాళ్లున్న ఇంటికి ట్యాబ్ బాగా ఉపయోగపడుతుంది. ఈ మూడింట్లో ఏదీ మీకు వర్తించకపోతే ఆ డబ్బుని మంచి ఫోన్ మీదో, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం మీదో పెట్టమంటాను.

2010 జనవరిలో మొదటి ఐప్యాడ్‌ని చూపించినప్పుడు స్టీవ్ జాబ్స్ కూడా ఇదే షరతు పెట్టారు. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య మూడో వస్తువు ఉండాలంటే కొన్ని పనుల్లో అది ఆ రెండిటినీ మించాలి, లేకపోతే అది ఉండి లాభం లేదన్నారు. మీ ట్యాబ్‌ని కూడా ఈ ప్రశ్నే అడగండి. ఫోన్‌కన్నా, ల్యాప్‌టాప్‌కన్నా అది బాగా చేసే పని ఒక్కటి చెప్పగలిగితే ఉంచుకోండి. “అప్పుడప్పుడు యూట్యూబ్ చూస్తాం” అన్నది ఆ లెక్కలోకి రాదు. ఆ పని మిగతా రెండూ చేస్తాయి.

పెద్ద ఫోన్ ఉంటే ట్యాబ్ పని అయిపోదా?

చిన్న ట్యాబ్ పని అయిపోతుంది. మొదటి ఐప్యాడ్ తెర 9.7 అంగుళాలు. అప్పటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలే. అంత తేడా ఉంది కాబట్టి మధ్యలో దానికి చోటు దొరికింది. 2012లో గూగుల్ తెచ్చిన నెక్సస్ 7 లాంటి ఏడంగుళాల ట్యాబ్‌లు కూడా ఆ రోజుల్లో బాగానే అమ్ముడయ్యాయి. ఇప్పుడు మామూలు ఫోనే ఆరున్నర అంగుళాలు దాటింది. ఏడు, ఎనిమిది అంగుళాల ట్యాబ్ పక్కన పెట్టుకుంటే మీకు కొత్తగా వచ్చేది చాలా తక్కువ. ప్రయాణాల్లో ఒంటి చేత్తో పట్టుకుని చదివేవాళ్లకి తప్ప ఆ సైజు నేను సూచించను. 10 నుంచి 11 అంగుళాల తెరతోనే అసలు తేడా మొదలవుతుంది.

చదవడానికి నిజంగా అంత తేడా ఉంటుందా?

ఉంటుంది. నా దృష్టిలో ట్యాబ్ కొనడానికి అన్నిటికన్నా గట్టి కారణం ఇదే.

మన తెలుగు పుస్తకాలు చాలావరకు డెమ్మీ సైజులో అచ్చవుతాయి. ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు. ఆ పేజీని మూల నుంచి మూలకి కొలిస్తే 10 అంగుళాల పైచిలుకు వస్తుంది. తెరల సైజు కూడా అలా మూల నుంచి మూలకే కొలుస్తారు కాబట్టి, 10 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే పుస్తకం పేజీ దాదాపు దాని అసలు సైజులోనే కనిపిస్తుంది. ఫోన్ తెర వెడల్పు మూడంగుళాలు కూడా ఉండదు. అదే పేజీ అక్కడ సగానికి కుదించుకుపోతుంది.

ఇంగ్లిష్‌లో సగం సైజు అక్షరాల్ని కళ్లు చిట్లించి ఎలాగోలా చదవగలం. తెలుగులో గుడి, గుడిదీర్ఘం అక్షరం తల మీద ఉంటాయి, ఒత్తులు అక్షరం కింద ఉంటాయి. పేజీ కుదించుకుపోయినప్పుడు ముందుగా అలుక్కుపోయేవి అవే. కింద ఉన్నది తవత్తో నావత్తో తెలియక పేజీని పెద్దది చేస్తాం. చేయగానే వాక్యం తెర దాటిపోతుంది. ప్రతి లైనుకీ వేలితో కుడికి జరపాలి, మళ్లీ ఎడమకి లాగాలి. నాలుగు పేజీలయ్యేసరికి చదవాలన్న కోరికే చచ్చిపోతుంది.

కొత్త ఈ-బుక్స్‌లో అక్షరాల సైజు పెంచుకుంటే వాక్యం దానంతట అదే సర్దుకుంటుంది. స్కాన్ చేసిన పుస్తకాల్లో ఆ వీలు లేదు, ఎందుకంటే ప్రతి పేజీ ఒక ఫొటో. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉచితంగా దొరుకుతున్నాయి. కావ్యాలు, వ్యాఖ్యానాలు, పాత పత్రికల సంచికలు, బయట ఎక్కడా దొరకని కథాసంపుటాలు. వాటిని హాయిగా చదవాలంటే 10 అంగుళాల తెర కావాలి. ల్యాప్‌టాప్ తెర పెద్దదే కానీ అడ్డంగా ఉంటుంది, పేజీ నిలువు. సగం పేజీ చూసి కిందికి జరుపుకుంటూ చదవాలి. పైగా పడక్కుర్చీలో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటాం?

ఈ-పేపర్ల విషయంలో మాత్రం మరీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. దినపత్రిక పేజీ ట్యాబ్ తెరకన్నా చాలా పెద్దది. శీర్షికలు చూసి, కావలసిన వార్తని నొక్కి పెద్దది చేసుకోవాల్సిందే. ఫోన్‌తో పోలిస్తే మేలు, అంతవరకే.

అయితే కిండిల్ లాంటిది కొనుక్కోవచ్చుగా?

నవలలే చదివేవాళ్లు, రాత్రుళ్లు గంటల తరబడి చదివేవాళ్లు కొనుక్కోవచ్చు. ఆ తెర ఎండలో కూడా కాగితంలా కనిపిస్తుంది, ఒకసారి ఛార్జ్ చేస్తే వారాల తరబడి వస్తుంది. కానీ ఆరేడంగుళాల కిండిల్‌లో స్కాన్ పుస్తకాలకి పైన చెప్పిన ఫోన్ కష్టమే వస్తుంది.

గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుతున్నాను. ట్యాబ్ కొంటే ఉపయోగమా?

మెటీరియల్ అంతా పీడీఎఫ్‌లలో ఉండి, ప్రింట్లు తీయించుకోవడానికి చాలా ఖర్చవుతుంటే ఉపయోగమే. వందల పేజీల పీడీఎఫ్ మీద పెన్నుతో గీతలు గీసుకోవచ్చు, మార్జిన్‌లో రాసుకోవచ్చు, రివిజన్ అప్పుడు ఆ పేజీలు మాత్రమే తిరగేయొచ్చు. హాస్టల్ గదిలో పుస్తకాల దొంతర్లు పెట్టుకునే చోటు లేనివాళ్లకి అది చిన్న సౌకర్యం కాదు.

పెన్ను విషయంలో జాగ్రత్త. రబ్బరు మొనతో చవగ్గా అమ్మే పెన్నులు వేలు చేసే పనే చేస్తాయి, వాటితో నోట్సు రాయలేం. ఆ ట్యాబ్ కోసమే తయారైన పెన్ను ఉండాలి. అప్పుడే అరచేయి తెర మీద ఆనించి రాసినా పిచ్చిగీతలు పడవు. సామ్‌సంగ్ ఎస్ సిరీస్ ట్యాబ్‌లకి ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది. ఐప్యాడ్‌కి ఆపిల్ పెన్సిల్ విడిగా కొనాలి, అది కూడా మీ మోడల్‌కి సరిపోయేదేనా అని చూసుకోవాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు పెన్ను ధరని మొదటే కలుపుకోండి.

తెరని రెండు ముక్కలు చేసి ఒకవైపు క్లాసు వీడియో, ఇంకోవైపు నోట్సు పెట్టుకోవచ్చని ప్రకటనల్లో చూపిస్తారు. 10 అంగుళాల తెరని సగం చేస్తే ఒక్కో భాగం పెద్ద ఫోన్ అంత ఉంటుంది. వీడియోకి చాలు, రాయడానికి ఇరుకు. నేనైతే క్లాసు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకుని ట్యాబ్ మొత్తం నోట్సుకి వదిలేయమంటాను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గ్రూప్-1 మెయిన్స్ లాంటి పరీక్ష కాగితం మీద, పెన్నుతో, గంటల తరబడి రాయాలి. ఆ సాధన కాగితం మీదే చేయండి. గాజు మీద రాసే చేతివేగం వేరు, పరీక్ష హాల్లో చేతివేగం వేరు.

ల్యాప్‌టాప్ అమ్మేసి ట్యాబ్‌కి కీబోర్డు తగిలిస్తే సరిపోతుందా?

మెయిల్స్ చూసుకోవడం, చిన్న చిన్న ఉత్తరాలు టైప్ చేయడం, మీటింగుల్లో కూర్చోవడం వరకైతే సరిపోతుంది. పెద్ద ఎక్సెల్ షీట్లు, టాలీ, కోడింగ్, ప్రింటర్లు, స్కానర్లు, డిజిటల్ సంతకం డాంగిల్ పెట్టి చేసే టెండర్ల పనులు ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్‌ని అమ్మకండి. చాలా ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇప్పటికీ కంప్యూటర్ బ్రౌజర్‌లోనే సరిగ్గా పనిచేస్తాయి.

బరువు లెక్క కూడా చూడండి. 10, 11 అంగుళాల ట్యాబ్ ఒక్కటే అయితే అర కిలోకి అటూ ఇటూ ఉంటుంది. గట్టి కీబోర్డు కవర్ తగిలిస్తే కిలోకి దగ్గరపడుతుంది. తేలికపాటి ల్యాప్‌టాప్ బరువు అంతకన్నా పెద్ద ఎక్కువేమీ కాదు. మంచి కీబోర్డు, పెన్ను కలిపితే ఖర్చు కూడా ల్యాప్‌టాప్ ధరకి చేరుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌లలో 10.1 అంగుళాల లోపు తెరల మీదే ఫైళ్లని ఉచితంగా ఎడిట్ చేయనిస్తారు. తెర అంతకన్నా పెద్దదైతే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. పెద్ద ట్యాబ్ కొనేముందు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ల్యాప్‌టాప్‌కి రెండో తెరగా వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. మ్యాక్‌కి ఐప్యాడ్‌ని జత చేసే సైడ్‌కార్ 2019 నుంచి ఉంది. కొన్ని సామ్‌సంగ్ ట్యాబ్‌లలో సెకండ్ స్క్రీన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మిగతా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లని విండోస్‌తో కలపడానికి స్పేస్‌డెస్క్ లాంటి యాప్‌లున్నాయి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు చాట్ విండోని అక్కడ పడేస్తే ప్రధాన తెర ఖాళీగా ఉంటుంది. ఇంట్లో ట్యాబ్ ఇప్పటికే ఉంటే తప్పకుండా ప్రయత్నించండి. దీనికోసమే కొనాలనుకుంటే మాత్రం అంతకన్నా తక్కువ ధరకే పెద్ద మానిటర్ వస్తుంది.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు ట్యాబ్‌లో పనిచేస్తాయా?

యూపీఐ పనిచేయాలంటే బ్యాంకులో నమోదైన నంబరు సిమ్ అదే పరికరంలో ఉండి, దాని నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. కాబట్టి వైఫై ట్యాబ్‌లో యూపీఐ కుదరదు. సిమ్ వేసే ట్యాబ్ ఉన్నా, దానికోసం ఫోన్‌లో సిమ్ తీసి అందులో వేయడం అర్థం లేని పని. డబ్బు వ్యవహారాలన్నీ ఫోన్‌లోనే ఉంచండి. ట్యాబ్ ఇంట్లో పలువురి చేతుల్లో తిరిగే వస్తువు కాబట్టి భద్రతకీ అదే మంచిది.

వాట్సాప్‌ని ఫోన్‌కి లింక్ చేసి వాడుకోవచ్చు. ఐప్యాడ్‌కి ప్రత్యేకమైన వాట్సాప్ యాప్ 2025 మే నెలలో వచ్చింది. అంతకుముందు బ్రౌజర్‌లో తెరుచుకోవాల్సి వచ్చేది.

ఊళ్లో అమ్మానాన్నలకి ఇస్తే వాడగలరా?

చాలా ఇళ్లలో ట్యాబ్‌ని అందరికన్నా బాగా వాడేది వాళ్లే. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉన్న ఇంట్లో వీడియో కాల్ ఎలా సాగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఫోన్ చేతిలో పట్టుకుని అమ్మ మాట్లాడుతుంటే మనకి ఆవిడ నుదురు, పైన తిరిగే ఫ్యాను కనిపిస్తాయి. మాట సరిగ్గా వినపడక ఫోన్ చెవికి ఆనించగానే తెరంతా చీకటి. పక్కన నాన్న ఉన్నా ఫ్రేములోకి రారు. అదే ట్యాబ్‌ని ఒక స్టాండులో పెట్టి డైనింగ్ టేబుల్ మీద ఉంచితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడతారు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి చిక్కుళ్లు వలుచుకుంటూ కూడా మనవడి పద్యం వింటారు.

ఇచ్చేముందు మీరు చేయాల్సిన పనులున్నాయి. అక్షరాల సైజు పెంచండి. భాష తెలుగుకి మార్చాలా వద్దా వాళ్లనే అడగండి, ఇంగ్లిష్ మెనూకే అలవాటుపడ్డవాళ్లు ఇబ్బంది పడతారు. మొదటి తెర మీద నాలుగైదు యాప్‌ల బొమ్మలు మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి. యూట్యూబ్‌లో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలని చూపించండి. “చాగంటి వారి భాగవతం” అని పలికి ప్రవచనం తెచ్చుకోవడం ఒకసారి వచ్చిందంటే తర్వాత ఎవరినీ అడగరు.

ఇంట్లో వైఫై లేకపోతే సిమ్ వేసే ట్యాబే కొనండి. హాట్‌స్పాట్ పెట్టుకోమని వాళ్లకి చెప్పకండి. ఒకరోజు పెడతారు, రెండో రోజు ట్యాబ్ అలమారలోకి వెళ్లిపోతుంది.

పిల్లలకి ఇవ్వొచ్చా?

చదువుకి ఇవ్వొచ్చు, పక్కన పెద్దవాళ్లుంటే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి పాఠాలతో సహా ట్యాబ్‌లు పంచిన తర్వాత ఈ ప్రశ్న ఊరూరా వచ్చింది. పాఠం చూపించడానికి ట్యాబ్ తెర ఫోన్‌కన్నా మంచిదే. అది పాఠాలకే వాడుతున్నారా లేదా అన్నది ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి, ఏ యాప్ కూడా ఆ పని పూర్తిగా చేయలేదు. గూగుల్ ఫ్యామిలీ లింక్, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్ సాయపడతాయి. సాయమే, కాపలా మీదే.

మరీ చిన్నపిల్లల విషయంలో నా మాట సూటిగా చెబుతాను. అన్నం తినిపించడానికి ట్యాబ్ పెట్టకండి. రెండేళ్లలోపు పిల్లలకి తెరే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదని, అది కూడా ఎంత తగ్గిస్తే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

సినిమాలు చూడటానికే అయితే?

మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో తీస్తారు, అంటే బొమ్మ బాగా వెడల్పు. ఐప్యాడ్ లాంటి, చదరానికి దగ్గరగా ఉండే తెరల మీద పైనా కిందా నల్లపట్టీలు లావుగా వస్తాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఎక్కువ శాతం వెడల్పు తెరలే కాబట్టి సినిమాకి అవి మేలు, పుస్తకానికి ఐప్యాడ్ తెర మేలు. చవక ట్యాబ్ కొనేటప్పుడు వైడ్‌వైన్ ఎల్1 (వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటులో పై స్థాయి) ఉందో లేదో అడగండి. ఎల్3 మాత్రమే ఉన్నదాంట్లో తెర ఎంత బాగున్నా నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి హెచ్‌డీలో రావు.

సొరుగులో పాత ట్యాబ్ పడి ఉంది. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

ముందు దాని చరిత్ర చూడండి. ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్, ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్ తెరిస్తే ఏ యాప్ ఎంతసేపు వాడారో ఉంటుంది. మనం వాడుతున్నామనుకునేదీ, నిజంగా వాడేదీ వేరువేరుగా ఉంటాయి. చదవడానికని కొన్నదాంట్లో పీడీఎఫ్ యాప్ జాడే లేకపోతే దాని పని ఫోన్ ఎప్పుడో లాగేసుకుందన్నమాట.

తర్వాత సెట్టింగ్స్‌లో చివరి సెక్యూరిటీ అప్‌డేట్ ఏ నెలలో వచ్చిందో చూడండి. అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయితే అందులో ప్రధాన జీమెయిల్ ఖాతా, ఆఫీసు మెయిల్ ఉంచకండి. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకి అప్‌డేట్లు త్వరగా ఆగిపోతాయి. ఐప్యాడ్‌లకి ఎక్కువ కాలం వస్తాయి. ఉదాహరణకి, 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కి 2021లో కూడా కొత్త ఐప్యాడ్‌ఓఎస్ వచ్చింది.

అప్‌డేట్లు లేని ట్యాబ్ కూడా ఒకే పనికి కట్టేస్తే ఇంకా పనికొస్తుంది. సంగీతం నేర్చుకునే పిల్లలుంటే శ్రుతి యాప్ పెట్టి, కీర్తనల స్వరసాహిత్యం పీడీఎఫ్‌లు వేసి, పాట సాధన చేసే చోటే ఉంచండి. వంటింట్లో గోడకి ఆనించి రేడియోలా వాడుకోవచ్చు. పనితో పాటు దానికి ఒక స్థిరమైన చోటు, పక్కనే ఛార్జర్ ఉండాలి. వెతుక్కోవాల్సి వచ్చిన ట్యాబ్‌ని ఎవరూ వాడరు. పని పెట్టి చోటు చూపించినా ఎవరూ ముట్టుకోలేదంటే ఇచ్చేయండి, ఇంకొకరికి అది కొత్త వస్తువే.

నెలల తరబడి పక్కన పెట్టేస్తే పాడవుతుందా?

బ్యాటరీ పాడవుతుంది. పూర్తిగా అడుగంటిన బ్యాటరీని అలాగే వదిలేస్తే మళ్లీ ఛార్జ్ ఎక్కకపోవచ్చు. సగం ఛార్జ్ ఉంచి, స్విచ్ ఆఫ్ చేసి, వేడి తగలని చోట పెట్టండి. నడుమ ఒకసారి తీసి చూసుకోండి. ఎప్పుడూ ఛార్జర్‌కి తగిలించి ఉంచడం కూడా మంచిది కాదు. కొన్ని ట్యాబ్‌లలో 80 శాతం దగ్గర ఆపేసే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి.

తెర అంచు పైకి లేచినట్టున్నా, వెనక భాగం ఉబ్బినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఇక ఛార్జ్ పెట్టొద్దు, నొక్కి సరిచేయాలని చూడొద్దు, పిల్లలకి అందనివ్వొద్దు. నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. చెత్తబుట్టలో అసలే వేయకండి.

కొనాలనే నిర్ణయించుకున్నాను. ఏం చూడాలి?

షాపుకి వెళ్లేటప్పుడు మీరు తరచూ చదివే పీడీఎఫ్ ఒకటి ఫోన్‌లో పెట్టుకెళ్లండి. దాన్ని డెమో ట్యాబ్‌లో తెరవమని అడగండి. రెండు పేజీలు చదివితే తెర సంగతి తేలిపోతుంది, వాళ్లు చూపించే రంగురంగుల వీడియోతో తేలదు. ఆండ్రాయిడ్ అయితే 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీకి తగ్గకండి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో కంపెనీ సైట్‌లో చూడండి. నిలబెట్టే కవర్ అదే రోజు కొనండి.

ఎవరికైనా ఇచ్చేసే ముందు ఏం చేయాలి?

ఫొటోలు, నోట్సు కాపీ చేసుకోండి. మెమరీ కార్డు ఉంటే తీసేయండి. ఫ్యాక్టరీ రీసెట్ కన్నా ముందే ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాని తొలగించాలి, ఐప్యాడ్‌లో ఫైండ్ మై ఆపి ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. ఇది మరిచిపోయి రీసెట్ చేస్తే ట్యాబ్ మళ్లీ మీ పాస్‌వర్డే అడగొచ్చు, అప్పుడు తీసుకున్నవాళ్లు మీకు ఫోన్ చేయాల్సి వస్తుంది. వాట్సాప్‌లో లింక్ చేసిన పరికరాల జాబితా నుంచి కూడా దాన్ని తీసేయండి. ఛార్జర్, కేబుల్, పెన్ను ఉంటే పెన్ను, అన్నీ కలిపి ఒకే సంచిలో పెట్టి ఇవ్వండి.